ముప్పావు చుట్టు

ఆ ఏడు మా ఇంటికి మంచు కంటే ముందు రాగ్న వచ్చింది.

నవంబరు మొదట్లో, రోడ్లు నల్లగా తడిసి, ఊరంతా ముఖం కడుక్కోనట్టుండే రోజుల్లో, రెండు సూట్‌కేసులూ ఒక కుట్టుమిషనూ కప్పులున్న అట్టపెట్టెనూ కారులోంచి దించుకుంది. నాన్న ఆ అట్టపెట్టెని రెండు చేతులా పట్టుకుని, నిద్రపోయిన పసిబిడ్డని తెస్తున్నంత జాగ్రత్తగా వంటింట్లోకి తెచ్చాడు. నేను మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. ఓ చెయ్యి వెయ్యమని నన్నెవరూ అడగలేదు. అడిగినా వేసేదాన్ని కాదు.

నాకప్పుడు పదహారేళ్ళు. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. రాగ్న నాన్నతో కలిసి బతకడానికి వచ్చింది. నాన్న చలికాలమంతా మంచు తోసే లారీ నడుపుతాడు. తెల్లారకముందే వెళ్ళిపోయి, నేను బడి నుంచి వచ్చేసరికి సోఫాలో కునుకు తీస్తుంటాడు. ఒకరితో ఒకరు పెద్దగా మాట్లాడుకోకుండా బతకడం ఇద్దరం నేర్చుకున్నాం. దాన్నే ప్రశాంతత అనుకున్నాం.

భోంచేసి లేచేటప్పుడు, వండినవాళ్ళ ముఖం చూసి "తిండికి థాంక్స్" అనకుండా లేవడం మా వైపు పసిపిల్లలు కూడా చెయ్యని పని. రాగ్న వచ్చిన రోజు నుంచీ నేను ఆ మాట కంచానికి చెప్పి లేచేదాన్ని. ఆమె తప్పుపట్టేది కాదు. "మంచిది" అని నా కంచం తరఫున తనే జవాబిచ్చేది. ఆ జవాబుకి నాకు మరీ ఒళ్ళు మండేది.

డిసెంబరులో మంచు పడగానే కొండ తెరిచారు. కొండంటే పెద్దదేం కాదు. ఒక లిఫ్టు, రెండు దారులు, సాయంత్రాలు వెలిగే దీపాలు, ఊరివాళ్ళే వంతులేసుకుని వాఫుల్స్ పోసే చెక్కగది. ఎడమ దారి పక్కన, స్కీలతో విన్యాసాలు చేసే మాలాంటివాళ్ళ కోసం రెయిళ్ళు పాతారు. రెయిలంటే లావుపాటి ఇనప గొట్టం, మంచులో మోకాలెత్తున నిలబెట్టినది. దాని ముందు మంచుతో చిన్న ఎక్కుడు కడతారు. వేగంగా వచ్చి, ఎక్కుడు మీంచి గాలిలోకి లేచి, రెండు స్కీలూ గొట్టం మీద అడ్డంగా వాల్చి, చివరిదాకా జారి దూకాలి. అంతవరకూ నాకు వచ్చు.

రానిది ముప్పావు చుట్టు. ఎక్కుడు వదిలాక గాలిలోనే ఎడమకి తిరగాలి. పక్కకి, వెనక్కి అంటే కొండ పైవైపుకి, ఆపైన ఇంకో పక్కకి. అలా చుట్టులో మూడొంతులు తిరిగి అప్పుడు గొట్టం మీద వాలాలి. మధ్యలో ఒక క్షణం మన వీపు రెయిల్ వైపుంటుంది. రెయిల్ కనపడదు. అది అక్కడే ఉంటుందని నమ్మాలి, అంతే. నేను నమ్మలేకపోయేదాన్ని. కిందటి ఏప్రిల్‌లో ఆ క్షణంలోనే భయపడి మధ్యలో ఆగిపోయి, గొట్టం మీద బోర్లా పడి ముందు పన్ను సగం విరగ్గొట్టుకున్నాను. ఇప్పుడు పైనుంచి ఎంత ధైర్యంగా బయల్దేరినా, ఎక్కుడు దగ్గరకొచ్చేసరికి ఒళ్ళు మొండికేసేది. పక్కకి తప్పుకుని వెళ్ళిపోయేదాన్ని.

"ఏంటి సిన్నె, రెయిల్‌ని క్షేమసమాచారాలడిగి వచ్చేస్తున్నావా?" అనేవాడు బ్రాగె. నా క్లాసువాడు. ముప్పావు చుట్టు వాడికి నిద్రలో కూడా వచ్చు.

"నోర్మూసుకో."

"మూసుకుంటాలే. కిందటేడు మంచులో నీ పంటి ముక్క వెతికింది నేనే, అది మాత్రం మర్చిపోకు."

ఇంట్లో ఎవరూ లేనప్పుడు వంటింటి నేల మీద రంగు టేపు అంటించి, దాన్నే రెయిలనుకుని, సాక్సులతో ఎగిరి తిరిగి వాలడం సాధన చేసేదాన్ని. ఓ మధ్యాహ్నం అలా ఎగురుతుంటే వెనక నవ్వు వినిపించింది. రాగ్న. వృద్ధాశ్రమంలో డ్యూటీ తొందరగా అయిపోయిందట. కోటు కూడా విప్పలేదు.

"నవ్వకు," అన్నాను.

"నీ మీద కాదు నవ్వింది. నీ తల మీద. కాళ్ళు ప్రయాణం కట్టాయి, తల మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. కిందికి చూస్తూ తిరిగితే ఎలా తిరుగుతావు?"

"నీకు స్కీయింగ్ వచ్చా?"

"అడవిలో నడిచే స్కీలు వచ్చు. ఇలా గాలిలోకెగిరేవాటికి దండం. కానీ తిరగడం వచ్చు. మా రోరోస్‌లో నడక కంటే ముందు అదే నేర్పుతారు." కోటు కుర్చీ మీద పడేసి చేతులు చాచింది. "రా."

పోల్స్ అని వాళ్ళ ఊరి జంట నాట్యం. ఒకరి నడుం ఒకరు పట్టుకుని, మూడు అడుగుల తాళానికి గిర్రున తిరుగుతూ గది చుట్టూ వెళ్ళాలి. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆమె పట్టు మాత్రం గట్టిది. రోజూ ముసలివాళ్ళని మంచం మీంచి లేపే చేతులు. నోటితోనే రాగం తీస్తూ తిప్పేసింది. రెండో చుట్టుకే నాకు కళ్ళు తిరిగాయి.

"కాళ్ళకేసి చూశావు, అందుకే. నా భుజం మీంచి చూడు. ఎటు వెళ్ళాలో అటు ముందు కళ్ళని పంపించు. కాళ్ళదేముంది, పెళ్ళివారి వెనక పిల్లల్లా అవే వస్తాయి."

"నాకు ఎడమవైపు కావాలి."

"అటు తిరగడం నాకూ అలవాటు తక్కువే. ఇద్దరం కలిసి పడదాం పద."

కలిసే పడ్డాం, బల్ల అంచుకి తగిలి. నేలమీద కూర్చుని ఆమె పొట్ట పట్టుకుని నవ్వుతుంటే నాకూ నవ్వు తన్నుకొచ్చింది. సరిగ్గా అప్పుడే నాన్న తలుపు తీశాడు. టోపీ నిండా మంచు. మమ్మల్నిద్దర్నీ చూసి కాసేపు అలాగే నిలబడి, "మెట్లు ఊడ్చి వస్తా," అని మళ్ళీ బయటికి వెళ్ళిపోయాడు. మెట్లు అప్పటికే ఊడ్చి ఉన్నాయి.

జనవరి నుంచి పని అయ్యాక రాగ్న నన్ను కారులో కొండకి తీసుకెళ్ళేది. నేను రమ్మనలేదు, వద్దనలేదు. ముక్కు తప్ప ఏమీ కనపడకుండా ఉన్ని చుట్టుకుని, కాఫీ ఫ్లాస్కుతో రెయిల్ పక్కన కంచె దగ్గర నిలబడేది. నేను గాలిలోకి లేవగానే "తలా!" అని అరిచేది. కొండంతా ప్రతిధ్వనించేది. చిన్నపిల్లలు కూడా నన్ను చూసి "తలా! తలా!" అనడం మొదలుపెట్టారు.

"మీ కోచ్ ఎక్కడ దొరికింది?" అన్నాడు బ్రాగె.

"రోరోస్‌లో."

"ఇంకో ముక్క నేర్పితే బావుండు. 'కాలు' అని."

ప్రతి ప్రయత్నం తర్వాతా రాగ్న ఒకటే ప్రశ్న అడిగేది. "ఈసారి గాలిలో ఏం కనిపించింది?" బాగా చేశావనో, చేతులు అలా పెట్టమనో ఎన్నడూ అనలేదు. మొదట్లో నా జవాబూ ఒకటే. "నా బూట్లు." తర్వాత "మంచు." అర చుట్టు తిరిగి నేల మీద వాలడం వచ్చిన సాయంత్రం, "లిఫ్టు దీపం కనిపించింది," అన్నాను. "హమ్మయ్య, తల బయల్దేరిందన్నమాట," అంది. ఏం చూశానో చెప్పాలి కాబట్టి చూడటం మొదలుపెట్టాను. చూడటం మొదలుపెట్టాక, గాలిలో గడిపే ఆ రెప్పపాటు కాలం కొంచెం కొంచెంగా పెద్దదైంది. మొదట అందులో నేనొక్కదాన్నీ, నా భయమూ పట్టేవాళ్ళం. తర్వాత అందులో దీపం పట్టింది, ఫిర్ చెట్ల వరస పట్టింది. ఇప్పటికీ ఎవరైనా ఎలా నేర్చుకున్నావని అడిగితే నేను చెప్పేది ఆ ప్రశ్న గురించే.

ముందు, కొత్తవాళ్ళ కోసం నేలకి ఆనించి పెట్టిన వెడల్పు పెట్టె మీద ముప్పావు చుట్టు వచ్చింది. తప్పు చేసినా పెట్టె క్షమిస్తుంది. గొట్టం క్షమించదు. ఫిబ్రవరి సెలవుల్లో గొట్టం మీదికి వెళ్ళాను.

ఆ రోజు మంచు గాజులా గట్టిపడి ఉంది. వేగం ఎక్కువైంది. ఎక్కుడు వదలగానే తల తిరిగింది, భుజాలు తిరిగాయి, దీపం కనిపించింది. రెయిల్ కనపడని క్షణం వచ్చింది. ఆ క్షణంలో విరిగిన పన్ను గుర్తొచ్చింది. చేతులు వాటంతటవే చాచుకున్నాయి, తిరగడం ఆగిపోయింది. ఒక స్కీ గొట్టానికి అవతల, ఒకటి ఇవతల. పక్కటెముకల మీద పడి, గడ్డం చీల్చుకున్నాను.

ఆస్పత్రికి రాగ్నే తీసుకెళ్ళింది. నా గడ్డం కింద తన కండువా అదిమిపెట్టి, ఒంటిచేత్తో కారు నడిపింది. దారంతా వాళ్ళ ఊరి రాగమేదో గొణుగుతూనే ఉంది. కుట్లు వేసి, ఒక ఎముక చిట్లిందని, నెలరోజులు స్కీల జోలికి పోవద్దని చెప్పారు.

ఆ శుక్రవారం రాత్రి భోజనానికి, ప్రతి శుక్రవారంలాగే, టాకోలు, కరకరలాడే మొక్కజొన్న రొట్టెలో కూర నింపినవి. నేను నమల్లేక మెత్తటి ముక్కలు ఏరుకుంటున్నాను. నాన్న తినకుండా నా గడ్డం కట్టునే చూస్తున్నాడు.

"ఇక చాలు," అన్నాడు. "ఈ ఏడు ఇక కొండ లేదు."

"నాన్నా..."

"నీతో కాదు." నాన్న రాగ్న వైపు తిరిగాడు. నాన్న ఎప్పుడూ అరవడు. అప్పుడూ అరవలేదు. "రోజూ నువ్వే తీసుకెళ్ళావు. పక్కన నిలబడి కాఫీ తాగుతూ ఎగరమని అరిచావు. నీ కడుపున పుట్టిన పిల్లైతే ఇలాగే ఎగరనిచ్చేదానివా?"

రాగ్న చేతిలో టాకో విరిగి కంచంలో పడింది. దాన్ని జాగ్రత్తగా ఏరి ఓ పక్కకి పెట్టింది. లేచి, నాన్న ముఖం చూసి, "తిండికి థాంక్స్," అంది. వండింది తనే.

మర్నాడు వాళ్ళక్క సిగ్రున్‌కి తుంటి ఆపరేషన్ అయిందని, కొన్నాళ్ళు సాయంగా ఉండాలని చెప్పి రోరోస్ రైలెక్కింది. ఆపరేషన్ నిజమే. అది అయి రెండు వారాలైందన్నదీ నిజమే.

ఇల్లు మళ్ళీ ప్రశాంతమైంది. ఇన్నేళ్ళూ మేం దేన్ని ప్రశాంతత అనుకున్నామో అప్పుడు తెలిసింది. గోడ గడియారం చప్పుడు భరించలేక నాన్న రేడియో పెట్టేవాడు. రేడియో భరించలేక ఆపేసేవాడు. చేపల వడలు మాడ్చేవాడు. నేను మాడిన వైపు కిందికి పెట్టుకుని తినేదాన్ని.

"ఫోన్ చెయ్యి," అన్నాను ఓ రోజు.

"చేసి ఏం చెప్పను?"

"తప్పైందని."

నాన్న మాడిన వడని ఫోర్కుతో పొడిచాడు. "మాట నోటికి రాదు సిన్నె. మీ అమ్మతోనూ అంతే. ఏదైనా బాగుచెయ్యమంటే చేస్తా. చెప్పమంటే..."

మార్చిలో ఓ శనివారం, నాన్న లారీ మీద ఉండగా, నేను రైలెక్కాను. ఎముక ఇంకా ప్రతి కుదుపుకీ పలకరిస్తూనే ఉంది. సిగ్రున్ ఇంటి తలుపు సిగ్రునే తీసింది, రెండు చంకకర్రల మీద వేలాడుతూ.

"ఈ పిల్లేనా గాలిలో తిరిగేది? నాకు నేల మీద తిరగడానికే రెండు కర్రలు కావాల్సొచ్చింది. రా, రా, బూట్లు విప్పు. రాగ్నా! నీ కోసం మనిషొచ్చింది!"

రాగ్న చేతులు తుడుచుకుంటూ వచ్చి, ముందు నా గడ్డం పైకెత్తి మచ్చ చూసింది. "బాగా కుట్టారు," అంది. ఆ తర్వాతే, "ఏం జరిగింది? మీ నాన్న బావున్నాడా?"

"బావున్నాడు. వడలు మాడుస్తున్నాడు."

చేపల సూపు పెట్టింది. ముగ్గురం తిన్నాం. సిగ్రున్ మందుల వేళ అని కర్రలు టకటకలాడిస్తూ లోపలికి వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు చెల్లెలికేసి ఒక చూపు చూసింది, ఇక నీ ఇష్టం అన్నట్టు.

నేను లేచి నిలబడ్డాను. కంచం వైపు కాదు, ఆమె వైపు చూశాను.

"తిండికి థాంక్స్," అన్నాను.

 రాగ్న సూపు గిన్నె మూత తీసి, మళ్ళీ పెట్టింది.

"నాన్న పంపితే రాలేదు," అన్నాను. "నేను రైలెక్కినట్టే తెలీదు. నాన్నకి క్షమాపణ చెప్పడం రాదు, ఆ సంగతి నీకూ తెలుసు. నా కోసం నేనొచ్చాను. ఈస్టర్‌కి మళ్ళీ గొట్టం ఎక్కుతా. అరిచేవాళ్ళు కావాలి."

"మీ నాన్న అన్నది నేను రోజూ ఆలోచిస్తున్నా," అంది నెమ్మదిగా. "కోపం లేదు. అడగాల్సిన ప్రశ్నే అది. నాకు పిల్లల్లేరు సిన్నె. కడుపున పుట్టినదైతే ఆపేదాన్నేమో. ఎలా తెలుస్తుంది నాకు?"

"నాకూ తెలీదు. కానీ అమ్మ ఆపేది కాదు. అమ్మే నన్ను మొదటిసారి లిఫ్ట్ ఎక్కించింది."

రాగ్న దగ్గర నేను అమ్మ మాటెత్తడం అదే మొదటిసారి. మా ఇంట్లో కూడా ఎత్తి చాలాకాలమైంది. రాగ్న కుర్చీ నా పక్కకి లాక్కుని కూర్చుంది. "చెప్పు, ఎలా ఎక్కించిందో," అంది. చెప్పాను. సాయంత్రం రైలుకి ఇంకా చాలా వ్యవధి ఉంది. అన్నీ చెప్పాను.

తిరిగి వెళ్ళేటప్పుడు నాతో పాటు ఆమె సూట్‌కేసు కూడా రైలెక్కింది. రైల్లోంచే నాన్నకి ఫోన్ చెయ్యమని సిగ్రున్ మాకు చెప్పింది గానీ, ఆ అవసరం లేకుండా తనే చేసేసిందని స్టేషన్‌లో దిగాక తెలిసింది. నాన్న ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. నోరు తెరిచాడు, మూశాడు. సూట్‌కేసు అందుకుని, "జారుతోంది, నా చెయ్యి పట్టుకో," అన్నాడు. ఇంటికెళ్ళేసరికి గేటు నుంచి గుమ్మం దాకా, మెట్టు మెట్టుకీ, కాలు జారకుండా, ఊరి రోడ్డుకి సరిపోయేంత ఇసుక చల్లి ఉంది. రాగ్న దాని మీద కరకరలాడించుకుంటూ నడిచి, గుమ్మంలో ఆగి, "హాల్వర్, ఇదంతా వసంతంలో ఊడ్చేదెవరు?" అంది. "నేనే," అన్నాడు నాన్న.

ఈస్టర్ ఆ ఏడు ఏప్రిల్‌లో వచ్చింది. ఎండ కాస్తోంది. మంచు పగలంతా చక్కెరపాకంలా మెత్తగా ఉంటోంది. జనం రెయిండీర్ తోళ్ళు పరుచుకుని, నారింజలు ఒలుచుకుంటూ, ముఖాలు ఎండకి ఎత్తి కూర్చున్నారు. నాన్న కూడా వచ్చాడు. కొండకి రావడం అమ్మ పోయాక అదే మొదలు. కంచె దగ్గర రాగ్న పక్కన, ఎక్కడ నిలబడాలో తెలియని మనిషిలా నిలబడ్డాడు.

పొద్దుట్నుంచీ చాలాసార్లు ఎక్కాను. చాలాసార్లు తప్పుకున్నాను. రెండుసార్లు తిరిగి మెత్తటి మంచులో పడ్డాను. "ఏం కనిపించింది?" అని అడిగింది రాగ్న. "రెయిల్ చివర, ఒక్క క్షణం," అన్నాను. నాన్న నారింజ తొక్కని చిన్న చిన్న ముక్కలు చేస్తూనే ఉన్నాడు.

మళ్ళీ పైకి వెళ్ళాను. బ్రాగె పక్కకి జరిగి దారిచ్చాడు, వెక్కిరించకుండా.

బయల్దేరాను. ఎక్కుడు అంచు కాళ్ళ కిందికి వచ్చింది, వెళ్ళిపోయింది. "తలా!" వినిపించింది. తల పంపించాను. చెట్లు, ఆకాశం, నేనొచ్చిన దారి, లిఫ్టు స్తంభం. రెయిల్ లేని క్షణం వచ్చింది. అందులో ఈసారి నేను తొందరపడలేదు. అది ఒక గదిలాగా ఉంది, అందులోంచి నడిచి వెళ్ళాలి, అంతే. ఎడమ భుజం మీదుగా రెయిల్ చివర కనిపించింది. కళ్ళు అక్కడే ఉంచాను. కాళ్ళ కింద ఇనుము ఖంగుమంది. రెండు స్కీలూ అడ్డంగా, నేను వాటి మధ్య నిటారుగా. ఆ తర్వాత చప్పుడు మారింది. పట్టు బట్ట మీద గోరుతో గీసినట్టు, సన్నగా, పొడుగ్గా. చివర వచ్చేదాకా జారి, దూకి, నిలబడ్డాను.

కొండ మీద ఎవరెవరో కేకలేశారు. బ్రాగె స్కీ కర్రలు రెండూ గాలిలోకి విసిరేశాడు. నేను కంచె దగ్గరకి దూసుకెళ్ళాను.

"చూశారా?"

నాన్న కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎండ వల్లేనంటూ తుడుచుకున్నాడు. "చూశా," అన్నాడు. "మొత్తం చూశా."

 రాగ్న తొడుగులేసుకున్న చేతుల్ని ముఖం మీంచి అప్పుడే దించుతోంది.

"నువ్వు?" అన్నాను.

"పడలేదుగా? కేకలు విన్నాను. పడితే అలా అరవరుగా?"

"రాగ్నా, నువ్వు చూడలేదా?"

ఆమె నా వైపు కాక నాన్న వైపు చూసింది, ఏదో పట్టుబడినట్టు. "ఈ చలికాలమంతా ఒక్కసారి కూడా చూడలేదు," అంది. "నువ్వు ఎక్కుడు దగ్గరకి రాగానే కళ్ళు మూసుకునేదాన్ని. స్కీల చప్పుడు ఆగిపోతే గాలిలో ఉన్నావని తెలిసేది. అప్పుడు అరిచేదాన్ని. తర్వాత చప్పుడు మళ్ళీ వినపడేదాకా... నువ్వు పడిన రోజు కూడా విన్నానే గానీ చూడలేదు. ఏం కనిపించిందని నిన్ను అడగక ఇంకేం చేస్తాను? నాకు కనపడితే కదా."

 నాన్న చేతిలోని నారింజ తొక్కలన్నీ జేబులో వేసుకున్నాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"ఆ రోజు నేనన్న మాట," అన్నాడు. "అనకూడనిది. తప్పు నాది."

అంతే. మంచు తోసే లారీ కూడా అంత బరువు ఎత్తి ఉండదు.

రాగ్న తల ఊపింది. ముక్కు గట్టిగా చీది, నా వైపు తిరిగి, "మళ్ళీ చెయ్యి," అంది. "ఈసారి చూస్తా."

"చూడలేవు నువ్వు."

"చూస్తానన్నానుగా?"

తర్వాత ఎన్నో రెయిళ్ళు ఎక్కాను, వేరే కొండల్లో, వేరే దేశాల్లో. కుడివైపు తిరగడం నేర్చుకున్నాను, వెనక్కి జారుతూ వచ్చి తిరగడం నేర్చుకున్నాను. ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నాను కూడా. నాకు దొరికినవాటిలో సగం ఆ ఒక్క చలికాలంలోనే దొరికాయి. అడక్కుండానే దొరికాయి.

ఆ ఈస్టర్ రోజున మాత్రం, లిఫ్టు నన్ను మళ్ళీ పైకి తీసుకెళ్ళింది. అంచున ఆగి కిందికి చూశాను. కంచె దగ్గర ఇద్దరూ చిన్నగా కనిపిస్తున్నారు. రాగ్న చేతులు రెండూ అప్పుడే ముఖం వైపు లేస్తున్నాయి. నాన్న వాటిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, కిందికి దించి, గట్టిగా పట్టుకున్నాడు.

నేను బయల్దేరాను.